సీ బుక్కులో పేరు

‘‘మావయ్యా, ఈ ఆదివారం నీకు పనేమైనా ఉందా?’’

మా మేనల్లుడు ఫోన్లో తిన్నావా, ఎలా ఉన్నావు లాంటివి మానేసి నేరుగా ఈ మాట అడిగాడంటే వెనకాల పెద్ద పనే ఉందని అర్థం. ‘‘లేదులే, చెప్పు’’ అన్నా. ‘‘బండి చూడ్డానికి రావాలి. నువ్వు చూసి సరేనంటేనే కొనాలంట. అమ్మ ఆర్డరు’’ అన్నాడు.

వాడిది నందిగామ. డిప్లొమా అయ్యాక జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం దొరికింది. మూడు షిఫ్టులు. ఇంటికీ ఫ్యాక్టరీకీ 30 కిలోమీటర్ల పైమాటే. రాత్రి షిఫ్టు దిగి చిల్లకల్లు దగ్గర హైవే మీద నిలబడితే ఎక్స్‌ప్రెస్ బస్సులు ఆపవు. ఆటోలేమో నిండేదాకా కదలవు. బండి కొనాల్సిందేనని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. పేచీ అంతా ఏ బండి అన్న దగ్గరే. బావ స్ప్లెండర్ అన్నాడు. అక్క స్కూటీ అంది. వాడు మాత్రం ఆర్15 అన్నాడు. కొత్తది రెండు లక్షల మాట కాబట్టి సెకండ్ హ్యాండ్ అయినా సరే, కొంటే అదే కొంటానన్నాడు.

‘‘కూరగాయల సంచీ తగిలించడానికి కొక్కెం కూడా లేని బండి ఎందుకురా?’’ అని బావ గొడవ. అక్క భయం వేరు. ఆ ఇల్లు హైవేకి దగ్గరే. రాత్రిపూట అంబులెన్సు కూత వినిపిస్తే లేచి కూర్చుంటుంది. ‘‘బోర్లా పడుకుని తోలే బండి అది. అయినా వాడు వినడు. నువ్వే చూడు. నువ్వు బాగుందంటే బాగున్నట్టే. ఏదన్నా అయితే మాత్రం నిన్నే అడుగుతా’’ అంది నాతో. పేపర్లో పనిచేసేవాడికి అన్నీ తెలుసని మా ఇంట్లో ఒక నమ్మకం. ఆ నమ్మకం నాకెన్నిసార్లు చెడ్డ చేసిందో లెక్కలేదు.

నిజం చెప్పాలంటే ఆ బండి మీద నాకూ మోజు ఉండేది. మేం కాలేజీకి వెళ్లే రోజుల్లో వేగమంటే 2001లో వచ్చిన పల్సర్, 2003లో వచ్చిన కరిజ్మా. అంతే. 2008లో యమహా ఆర్15 వచ్చింది. నూటయాభై సీసీ బండికి రేడియేటరు, ఫ్యూయెల్ ఇంజెక్షను, రేసు బండ్లకుండే డెల్టాబాక్స్ ఫ్రేము! జగ్గయ్యపేటలో మొదటిసారి ఆ బండి ఆగినప్పుడు మేం నలుగురం టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా దాని చుట్టూ తిరిగాం. అప్పట్లో కొనే స్తోమత లేదు. తర్వాత జీతం వచ్చింది గానీ నడుము ఒప్పుకోలేదు.

అందుకే వాణ్ని వద్దనలేదు. ఒక్క షరతు పెట్టా. ఏబీఎస్ ఉండాలి. 2018లో వచ్చిన మూడో వెర్షన్‌లో ఇంజిను 155 సీసీ అయ్యింది. రెండు చక్రాలకూ ఏబీఎస్ మాత్రం 2019 జనవరి నుంచే వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి కూడా అయ్యింది. మా హైవే సంగతి తెలిసినవాళ్లకి ఈ షరతు ఎందుకో చెప్పక్కర్లేదు. ఒకప్పటి 9వ నంబరు, ఇప్పటి 65. హైదరాబాదు నుంచి బాణంలా వచ్చే కార్ల మధ్యలోకి కొణకంచి అడ్డరోడ్డు దగ్గర పత్తి ట్రాక్టరు రాంగ్‌సైడులో వస్తుంది. గేదె వస్తుంది. తిరునాళ్ల రోజులైతే పెనుగంచిప్రోలు వెళ్లే జనమూ, వాళ్ల ఎడ్లబళ్లూ ఉంటాయి. కంగారులో బ్రేకు పట్టేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది ఉండాలి కదా. ‘‘2018 బండి పదివేలు తక్కువకి వస్తోంది మావయ్యా’’ అన్నాడు. ‘‘ఆ పదివేలు నేనిస్తాలే’’ అన్నా.

మొదటి బండి విజయవాడలో ఒక ఆటో కన్సల్టెన్సీలో చూశాం. శనివారం పొద్దున్నే వెళ్లాం. నీలం రంగు బండి పెళ్లికొడుకులా మెరుస్తోంది. టైర్లకి కూడా పాలిష్ పట్టించారు. మా వాడి కళ్లు అక్కడే అతుక్కుపోయాయి. నేను ముందు ఇంజిను మీద చెయ్యి పెట్టా. వేడిగా ఉంది. ‘‘మీరొస్తున్నారని స్టార్ట్ చేసి పెట్టాం సార్’’ అన్నాడు అక్కడి కుర్రాడు, మర్యాద చేసినట్టు. పాత బండి కొనేటప్పుడు ఇంతకంటే అమర్యాద ఉండదు. పొద్దున్నే చల్లటి ఇంజిను ఒక్క సెల్ఫ్‌కి అందుకుంటుందా, మొదటి నిమిషంలో టకటకమని ఏదైనా చప్పుడు చేస్తుందా, సైలెన్సర్లోంచి నీలం పొగ వస్తుందా అన్నవి వేడెక్కాక తెలియవు.

మీటరులో 14 వేలు ఉంది. మీటరు ఏం చెప్పినా ఫుట్‌రెస్టు రబ్బర్లు అబద్ధం చెప్పవు. అవి నున్నగా అరిగి ఉన్నాయి. బ్రేకు డిస్కు మీద వేలు పెట్టి అంచు దాకా జరిపితే చివర గట్టులా తగిలింది. అంత అరగాలంటే 14 వేలు సరిపోదు. టైరు పక్కన అచ్చులో నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ ఆ ఏడాదిలో ఎన్నో వారం తయారైందో, చివరి రెండూ ఏ సంవత్సరమో చెబుతాయి. బండి 2019ది. వెనక టైరు మీద 2323, ముందు టైరు మీద 1022 ఉన్నాయి. రెండు టైర్లూ మార్చేశారు, చైను సెట్టూ కొత్తదే, మీటరు మాత్రం 14 వేల దగ్గరే ఆగింది!

తర్వాత హ్యాండిలు పూర్తిగా ఎడమకి తిప్పి, కుడికి తిప్పి చూశా. అలా తిప్పినప్పుడు మరీ పక్కకి పోకుండా ఆపడానికి ఫ్రేము మీద చిన్న ఇనప బొడిపెలు ఉంటాయి. బండి ముందు నుంచి గట్టిగా గుద్దుకుంటే దెబ్బ తినేవి అవే. డూములన్నీ కొత్తవి వేసి, రంగు కొట్టి, స్టిక్కర్లు అంటించేవాళ్లకి కూడా ఆ బొడిపె గుర్తురాదు. ఈ బండికి కుడివైపుది నొక్కుకుపోయి ఉంది.

ఇంకో సంగతి మా మెట్ట ప్రాంతం వాళ్లకి బాగా అర్థమవుతుంది. మాది సున్నపురాయి నేల. సిమెంటు ఫ్యాక్టరీలన్నీ ఇక్కడికొచ్చింది అందుకే. బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. అవే నీళ్లు రేడియేటర్లో పోసేవాళ్లున్నారు. కూలెంటు డబ్బా కొనడం దండగనుకుని. లోపలి సన్నటి గొట్టాల్లో కూడా అదే పెచ్చు కడుతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లలో ఇంజిను ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? ఆ నీలం బండి రేడియేటరు మూత చుట్టూ తెల్లగా పూసి ఉంది. పక్క డబ్బాలో రంగు కూలెంటుకి బదులు తుప్పు నీళ్లు.

ఇవన్నీ చూసి కూడా నేనింకా ఊరికే ఉన్నా. చివర్లో ఆ కన్సల్టెన్సీ ఆయన అన్న మాటకి మాత్రం లేచి నిలబడ్డా. ‘‘ఫారాలన్నీ సంతకాలతో రెడీ సార్. పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మార్చుకోకపోయినా ఎవరూ అడగరు.’’

‘‘పద’’ అన్నా మా వాడితో. వాడికి కోపం వచ్చింది. బస్సెక్కేదాకా మాట్లాడలేదు.

మర్నాడు కోదాడ వెళ్లాం. జగ్గయ్యపేట దాటి గరికపాడు దగ్గర పాలేరు వంతెన ఎక్కితే అవతల తెలంగాణ. అక్కడ ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్తున్న కుర్రాడు బండి అమ్ముతున్నాడు. బండి శుభ్రంగా ఉంది, ధర మా వైపు కంటే 20 వేలు తక్కువ. కానీ నంబరు ప్లేటు మీద టీఎస్ 29. 2014 జూన్ 2కి ముందైతే ఇది సమస్యే కాదు. నల్గొండ ఏపీ 24, కృష్ణా ఏపీ 16, రెండూ ఒకే రాష్ట్రం. ఇప్పుడు వంతెన దాటించాలంటే అక్కడ ఎన్‌వోసీ తీసుకోవాలి, ఇక్కడ లైఫ్ టాక్సు కట్టాలి, కొత్త నంబరు వేయించుకోవాలి. ఏడాది దాటి వేరే రాష్ట్రంలో ఉంచిన బండికి అక్కడి నంబరు తీసుకోవాలని చట్టమే చెబుతోంది. అన్నీ లెక్కేస్తే మిగిలేది కొంచెమే. పైగా ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫైనాన్సు కంపెనీ పేరు ఇంకా కనిపిస్తోంది. ‘‘రెండు కిస్తీలే ఉన్నయి అన్నా, మీ పైసలతోనే కట్టేసి హెచ్‌పీ తీపిస్త’’ అన్నాడా అబ్బాయి. మంచివాడే. కానీ విమానం ఎక్కాక అతన్ని ఎక్కడ పట్టుకుంటాం?

తిరుగు బస్సులో మా వాడు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. ‘‘బండి బాగానే ఉందిగా మావయ్యా. నువ్వు బండి చూస్తున్నావా, కాగితాలు చూస్తున్నావా?’’ అన్నాడు. అప్పుడు చెప్పా, అక్కకి కూడా పూర్తిగా చెప్పని సంగతి.

2009లో నేను ఒక పాత పల్సర్ కొన్నా. నాలుగేళ్లు వాడి, 2013లో ఉద్యోగం కోసం ఊరు మారుతూ ఒక కన్సల్టెన్సీలో 24 వేలకి అమ్మేశా. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకున్నారు. కొనేవాడి పేరు, తేదీ రాయాల్సిన చోట్లన్నీ ఖాళీ. డబ్బు లెక్కపెట్టుకున్న ఆనందంలో ఆ ఖాళీలు నాకు కనపడలేదు. సీ బుక్కు జిరాక్సు కూడా తీసుకోలేదు.

మూడేళ్ల తర్వాత జగ్గయ్యపేటలో మా ఇంటికి కోర్టు నోటీసు వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నది మా నాన్న. ఆ బండి మూడు చేతులు మారింది. మూడో చేతిలో ఉన్నప్పుడు కంచికచర్ల దాటాక రోడ్డు పక్కన నడుస్తున్న ఒక పెద్దాయన్ని గుద్దింది. కాలు విరిగింది. తోలినవాడికి లైసెన్సు లేదు. ఇన్సూరెన్సు ఎప్పుడో అయిపోయింది. సీ బుక్కులో మాత్రం నా పేరే ఉంది.

కోర్టు వరండాలో ఆ పెద్దాయన నా పక్క బల్ల మీదే కూర్చున్నాడు, చేతికర్ర గోడకి ఆనించి. నేనెవరో ఎవరో చెప్పినట్టున్నారు. ‘‘బండి నీదేనా బాబూ?’’ అన్నాడు. ‘‘నాది కాదండీ. ఎప్పుడో అమ్మేశాను’’ అన్నా. ‘‘మరి నీ పేరే ఉందంటగా’’ అన్నాడు. గొంతులో కోపం లేదు. తెలియక అడిగినట్టే అడిగాడు. నేను ఏదో చెప్పబోయి ఆగిపోయా. ఆయన పంట అమ్మితే వచ్చిన డబ్బు ఆపరేషనుకే సరిపోలేదని తర్వాత లాయరు చెప్పాడు. చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయ్యింది. నా వాటాకి లక్షా 30 వేలు పడింది. 24 వేలకి అమ్మిన బండికి!

నాకు అన్యాయం జరిగిందని చాన్నాళ్లు అనుకున్నా. 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పు చదివాక ఆ మాట అనుకోవడం మానేశా. ఆ కేసులోనూ ఒక కారు పేరు మారకుండానే చేతులు మారుతూ పోయింది. రిజిస్టరులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని, పరిహారం బాధ్యతా వాళ్లదేనని కోర్టు చెప్పింది. దెబ్బ తిన్న మనిషి, ఈ బండి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో వెతుక్కుంటూ తిరగాలా అన్నది అందులోని మాట సారాంశం. నాకు ఆ వరండా, ఆ చేతికర్ర గుర్తొచ్చాయి.

నిజానికి చట్టంలో పెద్ద చిక్కేం లేదు. అమ్మినవాడు 14 రోజుల్లో రవాణా శాఖకి తెలపాలి, కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్చుకోవాలి. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో తన పేరు మీదికి తెచ్చుకోవాలి. మనం చెయ్యం. బండి ఇంటికొచ్చాక నిమ్మకాయలు తొక్కించి కొబ్బరికాయ కొడతాం. పేరు మాత్రం రేపు మార్చుకుందాంలే అంటాం.

మా వాడు కాసేపు మాట్లాడలేదు. గరికపాడు దాటాక, ‘‘అమ్మకి చెప్పకపోవడమే మంచిది’’ అన్నాడు. తర్వాత, ‘‘పేటలో ఇంకో బండి ఉంది. ఫ్యాక్టరీలో మా సీనియర్ చెప్పాడు. కానీ అతను రెండుసార్లు అడిగినవాళ్లకి అమ్మనన్నాడంట’’ అన్నాడు.

అమ్మకానికి పెట్టి అమ్మనన్నాడంటే నాకు ఆసక్తి పుట్టింది. దిగిపోయాం.

సందులో చిన్న డాబా ఇల్లు. బండి మీద పాత దుప్పటి కప్పి ఉంది. అతనిది కూడా ఓ సిమెంటు ఫ్యాక్టరీలోనే ఇన్‌స్ట్రుమెంటు పని. ముప్పై లోపే వయసు. దుప్పటి తీశాడు. ఇంజిను మీద చెయ్యి పెట్టా. చల్లగా ఉంది. రంగు అక్కడక్కడ కాస్త వెలిసింది. పాలిష్ లేదు. 2019 బండి, ఏపీ 39 నంబరు, మీటరులో 31 వేలు.

నేను వంగి చూడబోతుంటే అతను మా వాణ్ని అడగడం మొదలుపెట్టాడు. ‘‘తమ్ముడూ, రోజూ ఎంత తోలతావు? చైను నువ్వే శుభ్రం చేసుకుంటావా, మెకానిక్కు దగ్గరికి పంపిస్తావా? పొద్దున స్టార్ట్ చెయ్యగానే రేజింగ్ ఇచ్చే అలవాటుందా? హెల్మెట్టు ఉందా?’’ పెళ్లిచూపుల్లో అమ్మాయి తండ్రి అడిగినట్టు ఒకటే ప్రశ్నలు. మా వాడు హెల్మెట్టు కొంటానన్నాడు. ‘‘కొన్నాక రా, తోలనిస్తా’’ అన్నాడు. చివరికి తన హెల్మెట్టే తెచ్చి ఇచ్చాడు. ఇంతకు ముందు వచ్చినవాళ్లలో ఒకడు సందులోనే ముందు చక్రం లేపాడట. తాళం లాక్కుని పంపించేశాడట.

నేను నా పని నేను చేసుకున్నా. సైడు స్టాండు మీద వంచి ముందు చక్రం లేపి హ్యాండిలు అటూ ఇటూ తిప్పితే మధ్యలో పట్టేయలేదు. అంటే కోన్‌సెట్టు బాగుంది. ముందు షాకప్పు రాడ్ల మీద నూనె చార లేదు. చైనుని వెనక పళ్లచక్రం దగ్గర వేళ్లతో లాగితే పైకి లేవలేదు, పళ్లు కొక్కేల్లా వంగలేదు. ఫ్రేము మీది బొడిపెలు రెండూ నున్నగా ఉన్నాయి. చాసిస్ నంబరు, ఇంజిను నంబరు సీ బుక్కుతో కలిశాయి. ఎయిర్ ఫిల్టరు మూత విప్పమంటే నొచ్చుకోకుండా విప్పాడు. మా ఊళ్లలో ఫిల్టరు చూస్తే బండి ఎలా బతికిందో తెలుస్తుంది. ఫ్యాక్టరీ రోడ్డు మీద తిరిగే బండికి సిమెంటు దుమ్ము పట్టి ఫిల్టరు నాలుగు నెలల్లో మట్టి పలక అవుతుంది. ఇది కొత్తదే.

తాళం తిప్పితే ఏబీఎస్ లైటు వెలిగింది. బండి కదిలి కాస్త ముందుకెళ్లాక ఆరింది. అలాగే జరగాలి. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. లైటు ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే ఎవరో ఆ లోపం కనపడకుండా చేసినట్టు. రెండోదే ఎక్కువ అనుమానించాలి.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఎడమవైపు క్లచ్ లివరు కుడివైపు లివరు కంటే కొత్తగా ఉంది. ఎడమ డూము రంగు కూడా కుడిదాని కంటే ఒక పిసరు ముదురు. ‘‘ఇటు ఎప్పుడైనా పడిందా?’’ అన్నా. నూటికి తొంభై మంది ఇక్కడ ‘‘స్టాండు మీద నుంచి పడింది సార్’’ అంటారు. ఈ రాష్ట్రంలో స్టాండు మీద నుంచి పడని సెకండ్ హ్యాండ్ బండి లేదు.

అతను ఏమీ అనలేదు. లోపలికెళ్లి ఒక 200 పేజీల పొడుగు నోట్‌బుక్కు తెచ్చి, పేజీలు తిప్పి నా చేతికిచ్చాడు.

ఫ్యాక్టరీలో షిఫ్టు రిజిస్టరు రాసినట్టు రాసుకున్నాడు. తేదీ, మీటరు రీడింగు, పని, ఖర్చు. ఆయిలు మార్చింది, కూలెంటు పోసింది, చైనుకి లూబు కొట్టింది, చివరికి హెచ్‌పీ తీయించిన రోజు కూడా. అతను చూపించిన చోట ఇలా ఉంది: ‘‘18,412. నవాబుపేట దగ్గర. మలుపులో ఇసక. స్పీడుగా వెళ్లా. ఎడమవైపు పడ్డా. తప్పు నాదే. లివరు, డూము, ఇండికేటరు – 6,850. మోకాలు – 1,200.’’

తప్పు నాదే అని తన నోట్‌బుక్కులో, ఎవరూ చూడని చోట రాసుకున్న మనిషిని నేనెక్కడా చూడలేదు. పెట్రోలు లెక్క రాసుకునేవాళ్లుంటారు. ఇది వేరు. ఆ తర్వాత నేను చూడాల్సింది ఇంకేమీ లేదనిపించింది. అయినా హెల్మెట్టు పెట్టించి మా వాణ్ని తోలి రమ్మన్నా. హైవే మీదికి కాదు, పాత రోడ్డు మీదికి. ఈ ఇంజిను 7,400 ఆర్‌పీఎం దాటితే వాల్వుల తీరు మారుతుంది, మీటరులో వీవీఏ అని గుర్తు వస్తుంది, చప్పుడు చిక్కబడుతుంది. రెండో గేరులో ఒకసారి అక్కడిదాకా వెళ్లి రమ్మని అతనే చెప్పాడు. ‘‘ఒక్కసారే’’ అన్నాడు మళ్లీ. దూరంగా ఆ చప్పుడు మారడం మా ఇద్దరికీ వినిపించింది. అతను తల కాస్త వంచి, కళ్లు నేల మీద పెట్టి విన్నాడు.

‘‘ఎందుకమ్ముతున్నారు?’’ అని అప్పుడడిగా. అతను గుమ్మం వైపు చూశాడు. అతని భార్య నిలబడి ఉంది. ఏడో నెల. ‘‘ఆ వెనక సీటు ఎక్కలేనన్నయ్యగారూ. నాకు ముందే చెప్పాల్సింది, ఇది ఒక్కడి కోసం చేసిన బండి అని’’ అని నవ్విందామె. స్కూటరు తీసుకుంటున్నారట.

లక్షా ఎనిమిది చెప్పాడు. ఆ నోట్‌బుక్కు చూశాక బేరం ఆడటానికి నోరు రాలేదు. కానీ బేరం ఆడలేదంటే అక్క ఊరుకోదు. ఇన్సూరెన్సు గుర్తొచ్చింది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్లకి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకునేవారు. ఈ బండిది ఆ ఐదేళ్లూ అయిపోయి, తర్వాత థర్డ్ పార్టీ వరకే కట్టారు. దానికీ ఇంకో నెలే గడువుంది. ఆ మాట చెప్పి ఐదు తగ్గించమన్నా. లక్షా మూడుకి కుదిరింది. బయానా ఐదువేలు ఫోన్లో పంపించాం.

‘‘సార్, ఒక్క మాట’’ అన్నాడతను కాస్త బిడియంగా. ‘‘పేరు మార్చుకున్నాకే తాళం ఇస్తాను. ఏమీ అనుకోవద్దు.’’

మా వాడు నా మొహం చూశాడు. నవ్వు ఆపుకుంటున్నాడు.

సోమవారం ఇద్దరూ షిఫ్టులు మార్చుకుని రవాణా శాఖ పని మొదలుపెట్టారు. బండి మీద పెండింగ్ చలానాలు రెండు తేలాయి. అతనే కట్టేశాడు. ఫారాల్లో ఒక్క గడి కూడా ఖాళీ ఉంచొద్దని నేను రెండుసార్లు ఫోను చేశా. అతను మూడుసార్లు చేశాడట. కొత్త ఇన్సూరెన్సు మా వాడి పేరు మీద తీసుకున్నాం. యాప్‌లో ఓనరు పేరు సగం అక్షరాలు చుక్కలుగా దాచి చూపిస్తారు. పదకొండో రోజు నంబరు కొట్టి చూస్తే మొదటి అక్షరం మారి ఉంది.

బండితోపాటు అతను ఒక గోనెసంచీ ఇచ్చాడు. అందులో సగం వాడిన లూబు డబ్బా, చైను రుద్దే బ్రష్షు, కొన్నప్పుడు తీసేసిన చీర గార్డు ఉన్నాయి. నోట్‌బుక్కూ ఇచ్చేశాడు. ఇవ్వడానికి కొంచెం ఆలోచించాడని మా వాడు చెప్పాడు. చీర గార్డు తిరిగి బిగించాలని నేను పట్టుబట్టా. అక్క బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక సీటు చూసి, ‘‘ఇదేం సీటురా, అటక మీద ఎక్కి కూర్చోవాలా?’’ అంది. అంతకు మించి ఏమీ అనలేదు. బావ మాత్రం సంచీ తగిలించే కొక్కెం కోసం ఇప్పటికీ వెతుకుతున్నాడు.

మా వాడు కొత్త పుస్తకం కొనలేదు. అతను రాసిన చివరి లైను కింద గీత గీసి, తేదీ, రీడింగు వేసి తనూ రాస్తున్నాడు. మొన్న ఆదివారం వెళ్లినప్పుడు చూశా, అక్క వంటింటి గుమ్మంలో కూర్చుని ఆ నోట్‌బుక్కు తిరగేస్తోంది. కూలెంటు అంటే ఏమిటో, చైను ఎందుకు బిగిస్తారో ఆమెకి తెలియదు. అవన్నీ వదిలేసి వేలు పెట్టుకుంటూ లైను లైనూ కిందికి వస్తోంది. ఎక్కడైనా ‘పడ్డా’ అన్న మాట ఉందేమోనని.

బయట బండి తుడుస్తున్న మా వాడి దగ్గరికెళ్లి మెల్లగా అడిగా. ‘‘మీ అమ్మ చదువుతోందిరా. పడితే రాస్తావా మరి?’’

గుడ్డ పిండుకుంటూ కాసేపు ఆలోచించాడు.

‘‘రాస్తా. కానీ ఆ పేజీ ముందు నీకు చూపిస్తా’’ అన్నాడు.